కొసరు రాని మిషన్

“లైన్‌ల నిలబడన్నా. గిన్నె ఏది?”

పూజిత తల ఎత్తకుండానే అడిగింది. చేతిలో పాల కొలత, ముందు స్టీలు క్యాను, షెడ్డు రేకుల మీద వాన.

“గిన్నె లేదండీ.”

“గిన్నె లేకుంటే పాలెట్ల పోస్త? దోసిట్ల పడ్తవా?”

లైన్లో నవ్వులు. అతను కళ్లద్దాలు తీసి తడిసిన చొక్కాకు తుడుచుకున్నాడు. అవి ఇంకా మసకబారాయి.

“నేను పాల కోసం రాలేదండీ. పాలు పోసే మిషన్ తెచ్చాను. ఆటోలో ఉంది, తడుస్తోంది.”

అప్పుడు తల ఎత్తింది. మిషన్ కావాలని బాపుతో లొల్లి పెట్టుకున్నది తనే. వచ్చేది ఎవరో నడివయసు సారనుకుంది.

“ఏడుంటవన్నా?”

“గుడిమల్కాపూర్.”

“మరి గా భాషేంది? టీవీల వార్తలు చదివినట్టు?”

“కస్టమర్లతో ఇలాగే మాట్లాడమని ఆఫీసులో చెప్పారు.”

“పేరు?”

“బాలరాజ్.”

“కంప్యూటర్ సారుకు బాలరాజ్ అని పేరా!”

“మా తాత పేరు. ఏం, మంచిగ లేదా?” అన్నాడతను, వార్తల భాష మరిచిపోయి.

మాదన్నపేట సందులో బీరయ్య పాల దుకాణం అందరికీ తెలుసు. వెనక బర్రెల షెడ్డు, ముందు దుకాణం, పైన ఇల్లు. ఏళ్లుగా పాలు పోసింది బీరయ్య భార్య శారదమ్మ. ఆమె భుజం పట్టేసి చెయ్యి లేవకపోయేసరికి, కూతురు పూజిత ఇంటర్ మధ్యలో ఆపి ఆ కొలత అందుకుంది. ఇప్పుడు మార్కెట్ వెనక కంప్యూటర్ సెంటర్లో పొద్దుటి బ్యాచ్ మొదలవుతోంది. ఆ బ్యాచ్, పాల లైను ఒకే వేళకు. మిషన్ పాలు పోస్తేనే పూజిత క్లాసుకు పోగలదు.

కంపెనీ ట్రయల్‌కు ఇస్తానంది కాబట్టి బీరయ్య ఒప్పుకున్నాడు. కానీ ఒక మాట ముందే అన్నాడు.

“దసరా దాంక చూస్త బిడ్డా. గిరాకీ తగ్గిందనుకో, మిషన్ వాపస్. నువ్వు క్యాను కాడికి వాపస్.”

మిషన్ బీరువాలా ఉంది. చిన్న తెర, రెండు బటన్లు, ఒక నల్లా. బటన్ నొక్కి ఫోన్‌తో స్కాన్ చేస్తే పాలు పడతాయి. కొలత నిండగానే ఆగిపోతాయి. పూజిత క్లాసుకు పోయి కంప్యూటర్‌లో తన పేరు కొట్టింది, చెరిపింది, మళ్లీ కొట్టింది.

వారం తిరిగేసరికి లైను సగమైంది.

మిగిలిన పాలను శారదమ్మ తోడేసింది. పొద్దున పెరుగు, మధ్యాహ్నం పెరుగు, రాత్రి మజ్జిగ పులుసు. బీరయ్య తన ముందున్న పెరుగు గిన్నెను చూసి, కిటికీలోంచి మిషన్‌ను చూసి, కూతురిని చూశాడు.

పూజిత ఫోన్ చేసింది. బాలరాజ్ పరుగున వచ్చి, గీతలున్న గాజు గ్లాసు పెట్టి పాలు కొలిచాడు.

“చూడు. చుక్క తేడా లేదు.”

“మరి జనం ఎందుకు వస్తలేరు?”

“నన్నేం చెయ్యమంటవ్? ఎత్తుకొచ్చి లైన్‌ల నిలబెట్టాల్నా?”

“గట్ల చేసినా మంచిదే, అన్నా.”

“నన్ను అన్న అనకు.”

“మరేమనాలె?”

అతను లాప్‌టాప్ తెరిచి, తెరవక్కర్లేని ఫైలేదో తెరిచాడు.

అంతలో పక్క సందు స్రవంతి వచ్చింది. చంకలో ఏడాది నిండని బాబు, చేతిలో గిన్నె. బటన్ నొక్కింది. పాలు పడ్డాయి, ఆగాయి. ఆమె గిన్నె తీయలేదు. నల్లా వైపు చూస్తూ కొంచెంసేపు నిలబడి, తర్వాత మూత పెట్టుకుని కదిలింది.

“వదినా, తక్కువ వచ్చినయా?” అడిగాడు బాలరాజ్.

“ఏం తక్కువ రాలే. సరిగ్గనే వచ్చినయ్.”

“మరి?”

“శారదక్క పోస్తే బాబుకని జరంత కొసరేసేది. పూజిత గూడ. నేనెన్నడు అడగలే. గీ డబ్బాకేం తెలుస్తది, నా చంకల పిల్లగాడున్నడని? రేపటి సంది అవుతలి గల్లీకి పోత. ఆడ పాలాయన చెయ్యితోని పోస్తడు.”

ఆమె పోయాక బాలరాజ్ తొడ చరుచుకున్నాడు. “కొసరా! గింతేనా! దీనికా నువ్వు ఫికర్ చేసేది?”

దాణా బస్తా మీద కూర్చుని, ప్రతి కొలతకూ కాసిని పాలు ఎక్కువ పడేలా మార్చాడు. ఆ పని టీ చల్లారేలోపే అయిపోయింది.

లైను మాత్రం పెరగలేదు.

“ఎక్కువే పోస్తున్నం కదా! ఇంకేం కావాల్నంట మీ మాదన్నపేటోళ్లకు?” మళ్లీ వచ్చిన బాలరాజ్ వస్తూనే అరిచాడు.

పూజితకూ ఒళ్లు మండింది. దసరా దగ్గరపడుతోంది. క్లాసులో పక్క సీటు ఆశ్రిత అప్పుడే ఎక్సెల్‌లోకి పోయింది.

“నా మీద ఎందుకు ఒర్రుతవ్? గిన్నె పట్టు.”

“దేనికి?”

“పట్టమన్న గదా!”

పట్టాడు. పూజిత మూలనున్న పాత కొలత తీసి, క్యానులో ముంచి, గిన్నెలో పోసింది. చివరి చుక్క దాకా వంచి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అయిపోయిందనుకుని అతను గిన్నె లాక్కోబోయాడు. అప్పుడు మళ్లీ ముంచి, కొంచెం పోసింది.

“చూడు, నవ్వినవ్.”

“నేనా?”

“నువ్వే. ముందుగాలనే ఎక్కువ పోస్తే ఎవరికెరుక? అయిపాయె అనుకున్నంక పోస్తేనే కొసరు.”

బాలరాజ్ గిన్నెలోకి చూశాడు.

“మా అమ్మ గట్లనే చేస్తది,” అన్నాడు. “మార్కెట్ల పూలు తూకమేసి, పొట్లం కట్టినంక, మీద పిడికెడు చామంతులు పెడ్తది. కట్టకముందు ఎన్నడు పెట్టదు. నేను గా పొట్లాల నడుమనే పెరిగిన. ఒక్కపారి యాదికి రాలే.”

“ఇప్పుడొచ్చింది గదా. మిషన్‌కు నేర్పు.”

నేర్పడం అనుకున్నంత తేలిక కాలేదు. పాలు ఆగిన వెంటనే మళ్లీ పడితే నల్లా కారుతున్నట్టుంది. ఆలస్యంగా పడితే ఈలోపు గిన్నె తీసేస్తున్నారు. రెండుసార్లు బాలరాజ్ బూటు మీదే పడ్డాయి.

“బూటుకు గూడ కొసరేస్తున్నది, మస్తు నేర్పినవ్,” అంది పూజిత.

“నవ్వింది చాలు. నువ్వు పోసేటప్పుడు నడుమ ఎంతసేపు ఆగుతవ్?”

“నాకేం తెలుసు? కొలత ముంచి తీసేంతసేపు.”

“ముంచు మరి.”

ఆమె ముంచింది. అతను ఫోన్‌లో టైమ్ చూశాడు. మళ్లీ ముంచమన్నాడు. ఇంకోసారన్నాడు. బయట వాన పెద్దదైంది. కొన్నిసార్లయ్యాక పూజితకు అనుమానం వచ్చి తల ఎత్తింది. అతను ఫోన్ వైపు చూడటం లేదు.

“టైమ్ నా మొహం మీద ఉన్నదా?”

“లేదు. అంటే... అయిపోయింది. దొరికింది.”

మరునాడు ఆఫీసు నుంచి రశ్మి మేడమ్ ఫోన్. ఆవిడ గొంతు షెడ్డు దాకా వినిపించింది.

“బాలరాజ్, మాదన్నపేట మిషన్ క్లోజ్ అయ్యాక మళ్లీ పోస్తోంది. ఇక్కడంతా ఎర్రర్లే. లీకేజీనా?”

“లీకేజీ కాదు మేడమ్. నేనే పెట్టిన.”

“ఎందుకు?”

చెప్పాడు.

“అన్ని మిషన్లూ ఒకేలా ఉండాలి. అది తీసెయ్.”

“దసరా దాంక ఉంచుండి మేడమ్. గిరాకీ రాకుంటే మిషన్‌తోని నన్ను గూడ వాపస్ తీస్కోండి.”

“మిషన్‌ను అయితే తీసుకుంటాను,” అని పెట్టేసింది.

ఆ మాటలన్నీ పూజిత విన్నది. టీ గ్లాసు తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టింది. అందులో మామూలు కంటే చక్కెర ఎక్కువుంది.

పూజిత స్రవంతి ఇంటికి పోయి, ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలి తీసుకొచ్చింది. పాలు పడ్డాయి, ఆగాయి. స్రవంతి నిట్టూర్చి గిన్నె కదిలించబోయింది. నల్లా మళ్లీ కొంచెం పోసింది. ఆ చప్పుడుకు చంకలో బాబు కిలకిలమన్నాడు.

“ఓయమ్మా! డబ్బాకు తెలివొచ్చింది!”

ఆ మాట సందులన్నీ తిరగడానికి ఏ యాప్ అక్కర్లేకపోయింది. చూడటానికి వచ్చినవాళ్లు పాలు పట్టుకుపోయారు. పట్టుకుపోయినవాళ్లు మళ్లీ వచ్చారు. రెండో కొసరు కూడా పడుతుందేమోనని నల్లా కింద గిన్నె పెట్టుకుని నిలబడినవాళ్లూ ఉన్నారు.

దసరా ముందురోజు బీరయ్య అన్నం కలుపుతూ అడిగాడు. “పెరుగేది?”

“యాడికెల్లి తేవాలె? పాలు మిగిల్తే గదా,” అంది శారదమ్మ.

బీరయ్య పచ్చడి కలుపుకున్నాడు. ఒక ముద్ద తిన్నాక, “ఉండనియ్యి మిషన్,” అన్నాడు.

రశ్మి మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది: ఆ సెట్టింగ్ వేరే పాల సెంటర్లవాళ్లూ అడుగుతున్నారు, ఏదో పేరు పెట్టి పంపు. బాలరాజ్ పెద్దగా ఆలోచించకుండానే కొసరు అని పేరు పెట్టి పంపాడు.

పండగ వెళ్లాక చివరిసారి వచ్చి, తీగలు సర్ది, లాప్‌టాప్ మూశాడు. పూజిత క్లాసు బ్యాగుతో గుమ్మంలో నిలబడి ఉంది.

“ఇగ నేను వచ్చే పని లేదు,” అన్నాడు.

“లేదు.”

“క్లాసు మంచిగ నేర్చుకో.”

“మంచిది.”

బండి స్టార్ట్ చేశాడు. సందు మలుపు తిరిగాడు. బండి చప్పుడు సన్నగిల్లింది, తర్వాత ఆగిపోయింది. పూజిత బ్యాగు భుజానికి తగిలించుకుంది, కానీ అడుగు వేయలేదు. కాసేపటికి అదే చప్పుడు మళ్లీ దగ్గరైంది.

“ఏం మర్చినవ్?”

“ఏం మర్వలే.”

“మరి?”

“కొసరు,” అన్నాడు. అంతవరకు ధైర్యంగానే అన్నాడు. మిగతాది కళ్లద్దాలు తీసి, వాటితో చెప్పినట్టు చెప్పాడు. “మిషన్ కోసం కాదు. ఉత్త నీ కోసం వస్తే... రావచ్చా?”

“చూసి మాట్లాడు, బాలరాజ్.”

ఆమె తనను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

“నువ్వంటే నాకిష్టం.”

షెడ్డులోంచి బీరయ్య గొంతు వచ్చింది. “ఏయ్ పిలగా! నీ బండి సప్పుడుకు బర్రెలు బెదురుతున్నయ్. వచ్చేదుంటే మీ అమ్మను తోల్కొని రా. గిట్ల గల్లీల చక్కర్లు కొట్టకు.”

పూజిత మొహం కనబడకుండా చున్నీ సర్దుకుంది. “నాకు క్లాసున్నది,” అని నడిచింది. మిషన్ ముందు లైనును దాటింది, స్రవంతి నవ్వును దాటింది, సందు మలుపు దాకా పోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఇంక అంతేననుకుని అతను హెల్మెట్ అందుకున్నాడు.

అప్పుడు ఆగి, తిరిగి చూసింది.