ఆపరేషన్ బురదకట్ట

"చక్రకేళి ఉందా అండీ?"

"కర్పూరమే మిగిలింది."

కోడ్ కలిసింది. రావులపాలెం అరటి మార్కెట్లో వ్యాపారి వేషంలో ఉన్న చీఫ్ ఏడుకొండలు, గెల చూపిస్తూనే ఏజెంట్ బెంజమిన్‌కి బ్రీఫింగ్ ఇచ్చాడు.

"గని బురదను ఆపే డ్యామ్. భూకంపాన్ని తట్టుకునేలా అమలాపురంలో సత్యనారాయణమూర్తి మాస్టారు డిజైన్ చేశారు. మధ్యాహ్నం రెండింటికి అప్‌లోడ్. విదేశీ ముఠా మార్చేసిన ఫైల్ ఆయన అసిస్టెంట్ శ్రీవాణి పెన్‌డ్రైవ్‌లో ఉంది."

"మన శ్రీవాణా?"

"మనదీ, వాళ్లదీ. డబుల్ ఏజెంట్."

"ఏం మార్చారు?"

"నీళ్లు దిగిపోయే ఇసుక పొర తీసేశారు. గట్టును తడి బురద మీదే లేపారు. నేల కదిలితే బురద నీళ్లలా పారుతుంది. ఫోన్లు వాళ్లు వింటున్నారు, నువ్వే వెళ్లు. సాక్ష్యం చేతికొచ్చేదాకా నోరు విప్పకు."

ఆ డ్యామ్ కింది లోయలోని బళ్లోనే బెంజమిన్ అక్క మెర్సీ టీచరు.

మాస్టారి ఇంటికి ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లాడు, టూల్ బ్యాగులో పిస్టల్. చిటికెలో పని అనుకున్నాడు. రాజోలు బిడ్డ అయ్యుండీ కోనసీమ సంగతి మరిచాడు, పాపం. మాస్టారు గదిలో లెక్కల్లో మునిగి ఉంటే, ఆయన భార్య పద్మావతి గారు విస్తరి వేసేశారు.

"భోజనం వేళకి వచ్చేరు. తిన్నాక చూద్దురు గానీ ఏసీ."

"అర్జెంటండీ."

"ఆయ్, తినడమూ అర్జెంటే."

ఎదురుగా పట్టుచీరలో శ్రీవాణి అతన్ని గుర్తుపట్టి నవ్వింది. బ్యాగు కోసం తడిమితే లేదు. బెంజమిన్‌కి ఒళ్లు మండిపోయింది. పనసపొట్టు కూర, ముక్కల పులుసు, "చాలండీ" అన్న కొద్దీ మరో గరిటె. అక్కడ అక్క ప్రాణం, ఇక్కడ మారు వడ్డన. ట్రైనింగులో కత్తికి విరుగుడు నేర్పారు గానీ నేతి గిన్నెకు నేర్పలేదు.

"శ్రీవాణీ, రెండు కావస్తోంది. నువ్వు సరిచూసిన ఫైల్ ఇయ్యమ్మా," మాస్టారు గదిలోంచి పిలిచారు.

ఎంగిలిచేత్తోనే లేచిన శ్రీవాణి చుట్టూ వెతికింది.

"నా హ్యాండ్‌బ్యాగ్?"

"బియ్యం డ్రమ్ములో దాచేనమ్మా," పద్మావతి గారు స్థిమితంగా అన్నారు. "ఇందాకట్నుంచీ ఫైలిచ్చేసి వెళ్లిపోతానంటున్నావు. చుట్టాల సంచి దాస్తే గానీ ఎవరూ కడుపునిండా తినరు. మెకానిక్ గారిదీ అక్కడే ఉంది."

శ్రీవాణి వంటింటి వైపు దూకింది. బెంజమిన్ గుమ్మానికి అడ్డం పడ్డాడు. ఆర్డర్లు గాలికొదిలేసి అరిచాడు.

"మాస్టారూ, మీ దగ్గరున్న అసలు డిజైనే పంపండి. ఆవిడ ఫైల్లో ఇసుక పొర లేదు."

"పొర లేకుండా గట్టా?" మాస్టారు మండిపడ్డారు. మౌస్ నొక్కిన చప్పుడు వినబడింది. ఆ వెంటనే గడియారం రెండు కొట్టింది.

అరుపు విని, వీధిలో కాపున్న మఫ్టీ పోలీసులు లోపలికొచ్చారు. డ్రమ్ములోంచి పెన్‌డ్రైవ్ బయటపడింది. ఇక ఎవరు విన్నా ఫర్వాలేదని బెంజమిన్ విసుగ్గా చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"డ్యామ్ భద్రం సార్. శ్రీవాణి దొరికింది."

"వెంటనే తీసుకురా."

"కుదరదు సార్. పెరుగన్నం తినకుండా పంపనంటున్నారు పద్మావతి గారు. పోలీసులకి కూడా విస్తళ్లు వేసేసేరు."