తాళం వేసిన ప్రోటీన్

పిట్స్‌బర్గ్‌లోని ఆ ల్యాబ్‌లో చేరిన మొదటి ఉదయమే గిడియన్ ఒక ఘనకార్యం చేశాడు. చీకటి గది తలుపు ధడాలున తెరిచాడు. వరండా వెలుతురంతా లోపల పనిచేసుకుంటున్న సీనియర్ పరిశోధకురాలు లోర్నా ముందున్న పళ్లెం మీద పడింది.

పళ్లెంలో ఉన్నవి చారల చేపల పిండాలు. ప్రకృతి ఇవ్వని కొత్త అమినో ఆమ్లాన్ని వాడుకోవడం లోర్నా వాటి కణాలకు నేర్పుతోంది. అది ప్రోటీన్‌కు తాళం. కావలసినప్పుడు కాంతి వేస్తే తాళం ఊడి ప్రోటీన్ పని మొదలెడుతుంది. ముందే వెలుతురు తగిలిందా, పిండాలు వంకరగా పెరుగుతాయి, చేసిందంతా బూడిదపాలు.

"తలుపు మీద ఎర్రబల్బు కనపళ్లేదా? కళ్లు నెత్తికెక్కాయా?" అంది లోర్నా.

గిడియన్ గబుక్కున తలుపు మూశాడు. శిక్ష అక్కడే ఖరారైంది. పోయినన్ని పిండాలు మళ్లీ సిద్ధమయ్యేదాకా రోజూ పొద్దున్నే రావాలి, తొట్టెల్లో ఆడ చేపకీ మగ చేపకీ మధ్య అడ్డుపలక తీయాలి, గుడ్లు ఏరి ఒక్కోదానికీ సూది వెయ్యాలి.

మొదట్లో అతని సూది గుడ్డులో కన్నా పళ్లెంలోనే ఎక్కువ దిగేది. లోర్నా పక్కన కూర్చుని ఆటపట్టిస్తూ అతని మోచేయి సరిచేసేది. ఆ స్పర్శ గిడియన్‌కు రోజంతా గుర్తుండేది.

ఓ రోజు ఫ్రీజర్‌లో ఏదో వెతుకుతుంటే, ఆ మొదటి ఉదయం కోసం ఆమె తేదీ వేసి, కొలిచి పెట్టుకున్న అమినో ఆమ్లం సీసా దొరికింది. సీలు చెక్కుచెదరలేదు. అంటే మహాతల్లి అసలు దాన్ని కలపడమే మరిచింది! అది లేనిదే ఆ ప్రోటీన్ పూర్తిగా తయారే కాదు, ఇక వెలుతురు పడి చేసేదేముంది?

చెబితే శిక్ష రద్దవుతుంది. దాంతోపాటు ఆమె పక్కన కూర్చునే ఉదయాలూ పోతాయి. గిడియన్ సీసాను వెనక్కి తోసేసి నోరు కుట్టేసుకున్నాడు.

చివరికి ఒక శనివారం, పిండాలు సరిపోయాయనీ, ఇక రానక్కర్లేదనీ లోర్నా చెప్పేసింది. గిడియన్ గ్లవ్స్ తీస్తూ తీస్తూ ఆగాడు.

"ఆ రోజు పిండాలు పాడుచేసింది నేను కాదు. నువ్వు సీసా మూతే తియ్యలేదు. నాకెప్పుడో తెలుసు."

"తెలిసీ ఎందుకొచ్చావు?"

"నీకోసం. పొద్దున్నే చేపల మొహం చూడ్డానికి ఎవడొస్తాడు?"

లోర్నా నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు.

"నాకు ఆ మర్నాడే తెలిసిపోయింది. ఆ పిండాలన్నీ నిక్షేపంగా పెరిగాయి మరి. చెబితే నువ్వు రావని చెప్పలేదు."

"అంటే ఇన్నాళ్లూ నాచేత ఊరికే వెట్టిచాకిరీ చేయించావా?"

"చేయించా. రేపు కూడా రా. చేపలకు సెలవు, ఈసారి నాకోసమే."