గూట్లో నీలం దారం

అతను అట్టపెట్టె బల్ల మీద పెట్టగానే పక్షుల డాక్టరు అడిగిన మొదటి మాట, "ఈ వల మీదేనా?"

పెట్టెలో ఉన్నది నీటికాకి. రెక్క చుట్టూ వలముక్క బిగుసుకుపోయింది.

"నాది కాదండీ. నేను పక్షిని తెచ్చానంతే."

"వల ఎవరిదని అడుగుతున్నాను."

"అది నాకెలా తెలుస్తుందండీ," అన్నాడే గాని అతని చెయ్యి ఊరుకోలేదు. ముక్కను తిప్పి చూశాడు. "మిషను ముడి. పెద్ద పడవలది. నాలుగైదేళ్ళు నీళ్ళలో నానింది."

డాక్టరు కత్తెర ఆపి అతనివైపు చూసింది. ఆ చూపు కోపమో మెప్పో అతనికి అర్థం కాలేదు.

అతను రేవులో మేనమామ ఇంటి ముందరి షాపులో చిరిగిన వలలు బాగుచేస్తాడు. ఎడమచేత్తో ముళ్ళు వేస్తాడని రేవంతా పుర్రచెయ్యి అని పిలుస్తుంది. ఆ పేరు చెబితే డాక్టరు నవ్వలేదు. "గురువారం మధ్యాహ్నాలు ఖాళీయేనా?" అని మాత్రం అడిగింది.

గురువారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకోవడం చూసి అత్త అడిగింది, "ఎక్కడికిరా?"

"ఆస్పత్రికి."

"ఒంట్లో బాగాలేదా?"

"నాకు కాదు. పక్షులకి."

మావయ్య తల ఎత్తకుండానే అన్నాడు, "ఇస్త్రీ చొక్కా చూస్తే కోలుకుంటాయా అవి?"

తీరా వెళ్తే ఆమె అతని ముందు ఒక పళ్ళెం పెట్టింది. సీసా మూతలు, బెలూను పీలికలు, విరిగిన దువ్వెన పళ్ళు, గాలం దారం. అన్నీ ఒక్క పిల్లపక్షి కడుపులోవి.

"తల్లి చేపలనుకుని తెచ్చి పెట్టింది. కడుపు నిండింది గాని ఆకలి తీరలేదు. నిన్న చచ్చిపోయింది," అంది.

ఏదైనా మంచి మాట చెప్పాలనుకున్నాడు. నోట్లోంచి మాత్రం, "ఈ దారం ఒడ్డున గాలాలేసేవాళ్ళది," అని వచ్చింది.

"మీ ఓదార్పు బాగుంది," అందామె. అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో. ఇంటికి చేరేదాకా ఆలోచించినా తేలలేదు.

పక్షుల్లో దొరికిన ప్రతి ముక్కా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు తెలియాలి. తెలిస్తే అక్కడికి వెళ్ళి ఆపమని అడగొచ్చు. అందుకోసం ప్రతి గురువారం ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చునేవారు. ఒక వారం ఆమె నవ్వుతూ టీ ఇచ్చేది. మరో వారం ముభావంగా ఉండేది. మధ్యమధ్యలో, "ఒకటి అడగనా?" అనేది.

"అడగండి."

"ఏం లేదు."

ఆ ఏం లేదులో ఏముందో తెలియక అతనికి అన్నం సయించేది కాదు.

ఆరో గురువారం ఆమె రాళ్ళ మీంచి ఓ గూడు తెచ్చింది. అందులో పిల్ల బతికే ఉంది. గూట్లో అల్లుకున్న నీలం దారం దాని కాలికి చుట్టుకుని మాంసంలోకి దిగింది. ఆమె పిల్లను పట్టుకుంటే అతను దారం కోశాడు.

"ఇంకో రెండ్రోజులైతే కాలు పోయేది," అంది. తర్వాత అతనివైపు చూడకుండానే అడిగింది, "ఇది ఎవరిదో చెప్పగలరా?"

దారం కొసలో ముడి ఉంది. మామూలు ముడికి ఎదురుగా తిరిగి ఉంది. రేవులో అలా వేసే చెయ్యి ఒక్కటే.

తెలీదంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నాదేనండీ," అన్నాడు. "కోసిన ముక్కలు రోజూ ఊడ్చి నీళ్ళలోకి తోసేస్తాను. ఎటు పోతాయో ఎప్పుడూ ఆలోచించలేదు."

ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "ఇవాళ్టికి మీరు వెళ్ళండి."

అతను వెళ్ళాడు. మర్నాడే షాపులో ముక్కలు వెయ్యడానికి ఒక డ్రమ్ము పెట్టాడు.

"పాతికేళ్ళుగా ఊడుస్తున్నాం. సముద్రమేం నిండలేదే," అన్నాడు మావయ్య.

"పక్షి గూడు నిండింది మావయ్యా."

మావయ్య సాయంత్రం ఆ డ్రమ్ముకు మూత వెతికి తెచ్చాడు.

రెండు గురువారాలు అతను ఆస్పత్రి వైపు వెళ్ళలేదు. రెండో గురువారం మర్నాడు పొద్దున్నే వాన. షాపు గుమ్మంలో డాక్టరు, నిలువునా తడిసి ఉంది.

"రావడం మానేశారేం?"

"మీరే కదండీ వెళ్ళమన్నారు."

"ఇవాళ్టికి అన్నాను. ఇవాళ్టికంటే ఒక్క రోజు."

"మీరు ఏడ్చారు కూడా."

"సంతోషమేసి ఏడ్చాను."

అతని చేతిలోంచి వల జారిపోయింది. "పిల్ల కాలు పోబోతుంటే సంతోషమేంటండీ?"

"మీరు ఊడ్చి తోయడం ఆ గూడు దొరక్కముందే చూశాను, ఈ దారినే పోతూ. ప్రతి గురువారం అడుగుదామనుకున్నా. అడిగితే రావడం మానేస్తారేమోనని భయం. అడక్కపోతే ఆ పక్షుల ముందు నిలబడాలంటే సిగ్గు. నాకు మతి పోయిందనుకోండి. ఆఖరికి మీరే చెప్పారు. చెప్పి మానేశారు."

"అయితే నామీద కోపం లేదా?"

"ఎందుకు లేదు, బోలెడుంది. కోపమూ ఉంది, అదీ ఉంది."

"అదీ అంటే?"

ఆమె తల వంచుకుంది. అతను నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. లోపలి గదిలోంచి అత్త గొంతు వినిపించింది.

"ఒరేయ్, నీకు అర్థమయ్యేదాకా ఆగితే ఆ పిల్లకి జలుబు చేస్తుంది. ముందు తువ్వాలివ్వు. అమ్మాయ్, వీడికి కాస్త విడమరిచి చెప్పాలమ్మా. మనసు మాత్రం మంచిది, నాదీ పూచీ."

అతను తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. "నాకూ అదే ఉందండీ," అన్నాడు.

"అదే అంటే?" ఈసారి ఆమె అడిగింది.

"ప్రేమండీ."

ఆమె తువ్వాలులో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు. మళ్ళీ ఆలోచిస్తూ కూర్చునే ఓపిక ఇక లేక అడిగేశాడు.

"రెండూను," అందామె తువ్వాలులోంచే.