బొంత కోసం ఒక్క చుక్క

గరిటె పట్టుకుని తూనీగ, తమ కుక్క బొంత వెనకాలే వంగి నడుస్తోంది. బొంత కాలెత్తింది. తూనీగ గరిటె చాపింది. బొంత వెనక్కి తిరిగి చూసి, కాలు దించేసింది.

"నీ వల్ల కాదులే, ఇటివ్వు," అన్నాడు గొలుసు పట్టుకున్న అన్నయ్య.

"నువ్వు అటు తిరుగు. నువ్వు చూస్తుంటే వాడికి సిగ్గు."

ఒక్కచోట కాలు నిలపదు కాబట్టి ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ తూనీగ అంటారు. కుక్కకి బొచ్చు చూసి బొంత అని పేరు పెట్టారు. నిన్నటి నుంచి బొంత తిన్నదంతా కక్కేస్తోంది. నీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. అమ్మ ఆస్పత్రికి తీసుకొస్తే, పశువుల డాక్టరమ్మగారు రక్తం తీసుకుని, మూత్రం కూడా పట్టి తెమ్మన్నారు. అందుకే ఆస్పత్రి వెనక ఈ వేట.

గోడ మూలకి వెళ్లాక బొంత మనసు మారింది. గరిటెలో పడిందంతా తూనీగ చిన్న డబ్బాలోకి వంపింది. సగం నిండింది.

"చూశావా?"

"ఆ, చూశాం. పెద్ద ఘనకార్యం," అంటూ అన్నయ్య బొంతని లోపలికి తీసుకెళ్లాడు.

తూనీగ మూత కూడా పెట్టకుండా గంతులేస్తూ బయల్దేరింది. వరండా మెట్టు తగిలి తూలింది. డబ్బా ఒరిగిపోయింది. అడుగున కాస్తే మిగిలింది.

ఇది తెలిస్తే అన్నయ్య ఏడాది పాటు ఏడిపిస్తాడు. వరండాలో చేతులు కడుక్కునే కుళాయి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. తూనీగ కుళాయి తిప్పింది. డబ్బా మళ్లీ సగానికి వచ్చింది. మూత బిగించింది.

లోపల బొంత బల్ల మీద నీరసంగా పడుకుని ఉంది. డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూస్తున్నారు.

"రక్తంలోని మలినాలని వడకట్టి బయటికి పంపడం కిడ్నీల పనమ్మా. వీడి రక్తంలో అవి ఎక్కువగా ఉన్నాయి."

అమ్మ ముఖం పాలిపోయింది. "అంటే కిడ్నీలు పాడయ్యాయా?"

"అప్పుడే చెప్పలేం. వాంతులతో ఒంట్లో నీరు తగ్గినా ఇలాగే పెరుగుతాయి. మూత్రం చూస్తే తేలిపోతుంది. కిడ్నీలు బాగుంటే, ఉన్న నీటిని దాచుకుని మూత్రాన్ని చిక్కగా పంపుతాయి. పాడైతే నీళ్లలా పలచగా వస్తుంది."

తూనీగ డబ్బా వెనక్కి లాక్కోబోయింది. అప్పటికే డాక్టరుగారు అందుకున్నారు.

చిన్న గొట్టంలాంటి పరికరం మీద ఒక చుక్క వేసి, కిటికీ వెలుగులో కన్ను ఆనించి చూశారు. తుడిచి, ఇంకో చుక్క వేసి మళ్లీ చూశారు.

"బాగా పలచగా ఉంది. కిడ్నీల జబ్బే అనుకోవాలి. వీణ్ణి ఇక్కడే వదిలి వెళ్లండి, ఎన్నాళ్లో ఇప్పుడే చెప్పలేను. తర్వాత కూడా మందులు, వేరే తిండి తప్పవు."

పక్క గదిలో బోనులు కనిపిస్తున్నాయి. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఎప్పుడూ వాగుతూ ఉండే అన్నయ్య బొంత చెవి నిమురుతూ ఉండిపోయాడు.

ఇంటికెళ్లాక అమ్మ చెవిలో చెబితే సరిపోతుందేమో అనుకుంది తూనీగ.

డాక్టరుగారు బొంత ముందుకాలి బొచ్చు గొరిగి, సెలైన్ సూది తీశారు. "ఇది ఎక్కితే మూత్రం ఎలాగూ పలచబడుతుంది. మళ్లీ పరీక్ష చేసినా ఏమీ తెలియదు. అందుకే ముందే పట్టించాను," అన్నారు అమ్మతో.

సూది కాలి దగ్గరికి వచ్చింది.

"ఆగండి," అంది తూనీగ. ఎవరికీ వినపడలేదు. ఈసారి గట్టిగా అంది. "సూది పెట్టకండి. అందులో నీళ్లున్నాయి. దార్లో ఒలికిపోతే, నేనే కుళాయి నీళ్లు కలిపాను."

"నీకసలు బుద్ధుందా?" అమ్మ మొదలుపెట్టింది.

డాక్టరుగారు సూది పక్కన పెట్టేశారు. "తిట్లు తర్వాత చూసుకుందాం. వాడి దగ్గర ఇంకాస్త మిగిలి ఉంటుంది. కొత్త డబ్బాలో పట్టుకురండి. త్వరగా."

ఈసారి అన్నయ్య చెప్పకుండానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బొంత అటూ ఇటూ తిరిగి తిరిగి, ఎట్టకేలకు కాలెత్తింది. గరిటెలో కాసిని చుక్కలే పడ్డాయి.

"ఇంతేనా? డబ్బా అడుగు కూడా తడవలేదు," అన్నాడు అన్నయ్య.

"ఇంతే వచ్చింది," అంది తూనీగ. మూత బిగించి, మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ ఎక్కింది.

"నాకు ఒక్క చుక్క చాలు," అన్నారు డాక్టరుగారు. మళ్లీ కిటికీ వైపు తిరిగారు. ముగ్గురూ ఆవిడ వీపునే చూస్తున్నారు.

"చిక్కగా ఉంది. భేషుగ్గా ఉంది," అన్నారు ఆవిడ. "కిడ్నీలు వాటి పని అవి చేస్తున్నాయి. వాంతులతో ఒళ్లు ఎండిపోయింది, అంతే. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆగేలా మందిస్తాను. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు."

అమ్మ కుర్చీలో కూలబడింది. అన్నయ్య బొంత ముక్కు మీద ముద్దు పెట్టేశాడు.

"మిగిలిన చుక్కలతో ఇంకో పరీక్ష చేస్తాను," అంటూ డాక్టరుగారు డబ్బా ఎత్తి పట్టుకున్నారు. "ఏమ్మా, ఇందులో ఇంకేమైనా కలిసిందా?"

తూనీగ కాసేపు ఆలోచించింది.

"ఒక గడ్డిపరక పడిందండీ. తీసేశాను. తీసేటప్పుడు నా వేలు తగిలింది. ఆ వేలికి పొద్దున్న తలకి పెట్టుకున్న నూనె ఉందేమో, కచ్చితంగా తెలీదు."

"ఇంకా?"

"అన్నయ్య ఒకసారి తుమ్మాడు. కానీ దూరంగానే."

డాక్టరుగారు నవ్వాపుకుంటూ డబ్బా మీద చీటీలో గడ్డిపరక, వేలు, నూనె అని రాశారు. తుమ్ము మాత్రం రాయలేదు.