నాలుగు పూతల వార్నిష్

ఏడు గంటలకు అమ్మ గిటార్ అందుకుంది. వంటింట్లో నిలబడి తింటున్న కొడుకు రొట్టె సగంలోనే వదిలేశాడు. పదిహేను రోజులుగా ఇదే వరస.

చిన్న గిటార్ అది. అమ్మ పుట్టకముందెప్పుడో తయారైంది. దుకాణాల్లో వేలాడే వాటి పక్కన పెడితే చంటిపిల్లలా ఉంటుంది. ఒళ్ళో పెట్టుకున్నా ఇంకా చోటు మిగులుతుంది, భుజం నొప్పి పుట్టదు. పల్చటి చెక్క కావడంతో వేలు తగిలితే చాలు పలికేది. పక్కింటికి వినపడేది కాదు గానీ, ఉన్న గదిని మాత్రం నింపేసేది. అదంతా పదిహేను రోజుల కిందటి మాట.

కొడుకు ఫర్నిచర్ పాలిష్ చేస్తాడు. పనిమంతుడే, కాదనడానికి లేదు. అరిగిన చెక్క కనపడితే చేతులు ఊరుకోవు, అదే వచ్చిన చిక్కు. అమ్మ అరవయ్యో పుట్టినరోజుకని చెప్పాపెట్టకుండా గిటార్‌ను షాపుకు పట్టుకెళ్ళాడు. ఉప్పుకాగితంతో రుద్ది, భోజనాల బల్లకు వేసినట్టు నాలుగు పూతల వార్నిష్ దట్టించాడు. అద్దంలా మెరిసింది. అమ్మ తీగ మీటితే అట్టపెట్టె మీద కొట్టినట్టు టప్పుమంది. అయినా ఆమె, "ఎంత బాగా చేశావు నాన్నా," అంది. వాడూ తలూపాడు. ఇద్దరూ అబద్ధమే ఆడారు.

ఆదివారం అక్క వచ్చింది. బడిలో సంగీతం చెబుతుంది, నోటికి అదుపూ ఆపూ లేదు. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, గిటార్ తీసి రెండు తీగలు మీటి తమ్ముడి వైపు చూసింది.

"ఎవడు చెప్పాడ్రా నీకు, దీని జోలికెళ్ళమని?"

"అరిగిపోయిందక్కా. బాగుచేద్దామని..."

"బాగుచేశావులే. దీని పీక నులిమేశావు. ఇదిగో, ఈ అంచు మీద గాట్లుండాలి. ఏవి?"

"ఎలుక కొరికినవా? లప్పం పెట్టి పూడ్చేశా. ఎక్కడో కనిపెట్టు చూద్దాం." అంత ఇరకాటంలోనూ వాడి గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు అక్కకి.

"ఎలుక కాదురా, నువ్వే. పళ్ళొచ్చేటప్పుడు ఒళ్ళోంచి దిగేవాడివి కాదు. చిన్న గిటార్ కదా, దానికీ తనకీ మధ్య నిన్ను కూర్చోబెట్టుకుని వాయించేది అమ్మ. నువ్వు అంచు కొరుకుతూ నిద్రపోయేవాడివి. నాకప్పుడు ఆరేళ్ళు, పక్కనే ఉన్నా. మొన్నమొన్నటిదాకా నువ్వు పనికెళ్ళాక ఆ గాట్లు తడుముకుంటూ కూర్చునేది. ఎన్నిసార్లు చూశానో."

వాడు కుర్చీలో కూలబడ్డాడు. అమ్మ దగ్గర్నుంచి తాను తీసేసుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. అయినా, కొడుకు ఎక్కడ నొచ్చుకుంటాడోనని, ఆ మూగచెక్కను రోజూ వాడికి వినపడేలా మీటుతోంది ఆ తల్లి. సిగ్గుతో వాడి మొహం కాలిపోయింది.

ఖాళీ బకెట్‌తో అమ్మ లోపలికి వచ్చింది. వాడు ఎదురెళ్ళి ఆమె తడి చేతులు పట్టుకున్నాడు.

"పాడుచేశానమ్మా. మొదటిరోజే తెలిసింది. చెప్పడానికి మొహం చెల్లలేదు."

"నాకూ తెలిసింది," అంది అమ్మ. "అంత సంబరంగా తెచ్చావు, ఏమనను?"

మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని, గాజుపెంకుతో వార్నిష్ గీకడం మొదలుపెట్టాడు. కాస్త గీకగానే అమ్మ తీగ మీటి, "ఇంకా" అనేది. సాయంత్రానికి కొంచెం పలికింది. ఉప్పుకాగితం తినేసిన చెక్క ఇక తిరిగిరాదని వాడికి తెలుసు. అంచు దగ్గరికొచ్చాక లప్పం తవ్వడానికి సూది తీశాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఉండనీరా."

"నా పళ్ళ గాట్లు కదమ్మా."

"కొరికిందీ నువ్వే, పూడ్చిందీ నువ్వే. నాకు రెండూ కావాలి."

ముప్పై దాటిన మనిషి, గిటార్ పక్కన పెట్టి అమ్మ ఒళ్ళో తల దాచుకుని ఏడ్చాడు.