బోణీ కాని బ్యాంకు

“ఈ గొంతు విను, ఎల్లారావ్.”

వన్ టౌన్‌లో ఉల్లిపాయల గోడౌన్ పైగది. నిఘా విభాగం చీఫ్ కృష్ణంరాజు ఫోన్ నొక్కాడు. హార్బర్ పక్కనున్న గంగాదేవి మత్స్యకార సహకార బ్యాంకు ఛైర్మన్ గొంతు వణుకుతోంది: “బ్యాంకు మునిగిపోయింది. దొరికినంత తీసేసుకోండి.”

“ఆయన ఈ మాట అననేలేదు. విదేశీ ముఠా మెషీన్‌తో పుట్టించింది. రేపు పొద్దున్న హార్బర్‌లో ప్రతి ఫోన్‌కీ వెళ్తుంది. చరిత్ర చూడు, బాగున్న బ్యాంకులు కూడా క్యూలతోనే చచ్చాయి. ఇది వాళ్ల రిహార్సల్. పారిందా, తర్వాత పెద్ద బ్యాంకులు. క్యాష్ వ్యాన్ పంపుతున్నాం. అది చేరేదాకా నువ్వు క్యాషియర్‌వి. ముఠాలోకి మనం పంపిన మనిషి ధనశ్రీ బ్యాంకులోనే సెక్యూరిటీ కన్సల్టెంట్‌గా ఉంటుంది.”

“మా అమ్మ పడవ కోసం దాచిందంతా అందులోనే ఉంది సార్.”

“తెలుసు. ఆమెకి ఒక్క మాట చెప్పినా ఆపరేషన్ లీక్.”

ఎల్లారావు చెప్పలేదు. రాత్రంతా తనని తాను తిట్టుకున్నాడు.

తెల్లారింది. చేపల వేలం మొదలవకముందే ఫోన్లు మోగాయి. ఖాళీ తట్టలు చంకన పెట్టుకునే ఆడవాళ్లు బ్యాంకుకి పరుగెత్తారు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గుసగుసలాడాడు. “వ్యాన్‌కి అడ్డంగా కంటైనర్ లారీ పెట్టేశారు. ఆ రూట్ మనిద్దరికీ, ధనశ్రీకీ తప్ప ఎవరికీ తెలీదు.”

ఓహో! అమ్ముడుపోయిందన్నమాట. పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో పక్కనే నిలబడి ఉంది మహాతల్లి.

“షట్టర్ దించెయ్ ఎల్లారావ్. అదే సేఫ్,” అంది ధనశ్రీ.

షట్టర్ దించితే పుకారు నిజమైపోతుంది. దేశం కాని దేశంలో ఏసీ గదిలో కూర్చున్న ఎవడో ఈ తల్లుల చెమటతో ఆడుకుంటాడా? ఎల్లారావుకి ఒళ్లు మండిపోయింది.

“దించను. ఏం చేసుకుంటావో చేసుకో.”

షట్టర్ పూర్తిగా పైకి లేపి కౌంటర్‌లో కూర్చున్నాడు. అందరికంటే ముందు వాళ్లమ్మే దూసుకొచ్చింది. గురువమ్మ.

“ఒరే ఎల్లా! నువ్వేట్రా ఇక్కడ? సర్లే, నా డబ్బు నాకిచ్చీ!”

డ్రాయర్‌లో ఉన్నది పదిమందికి కూడా చాలదు. ఏ బ్యాంకులోనైనా అంతే, డబ్బు అప్పుల రూపంలో బయట తిరుగుతూ ఉంటుంది. ఎల్లారావు గట్టిగా, క్యూ మొత్తానికీ వినబడేలా అన్నాడు.

“ఇంకా బోణీ అవలేదమ్మా.”

అరుపులు తగ్గాయి. పొద్దున్నే ముందు డబ్బు లోపలికి రాకుండా ఎవరికీ పైసా ఇవ్వరు ఆ ఆడవాళ్లు. చేపలమ్మిన ఇన్నేళ్లలో బోణీ కాని కొట్టుని గురువమ్మ తిరిగి డబ్బడిగింది లేదు.

“బోణీ అవలేదేటి? నాను దాసింది ఉందేట్రా? నా కళ్లల్లోకి సూసి సెప్పు.”

“ఉందమ్మా. పోతమ్మత్త పడవలో ఉంది, వీళ్ల వలల్లో ఉంది. అందరూ ఒక్కసారే లాగితే ఎవలికీ దొరకదు.”

గురువమ్మ వెనక్కి తిరిగి పోతమ్మని చూసింది. పోతమ్మ తల దించుకుంది. పడవ లోన్ ఈ బ్యాంకుదే మరి. గురువమ్మ రొంటినున్న రెండువందల నోటు తీసి, కళ్లకద్దుకుని, కిటికీలోంచి తోసింది.

“ఇంద. ఏసీ.”

“గురువమ్మే ఏసీసిందే!” అంది పోతమ్మ. క్యూలో గుసగుసలు పాకాయి. ఒకామె వంద వేసింది. ఇంకొకామె, “వేలం పోతాది, పదండే!” అని పరుగందుకుంది. మిగిలినవాళ్లు అవసరానికి తలా కాస్త తీసుకున్నారు. డ్రాయర్ అడుగంటుతుండగా, లారీని తప్పించుకొచ్చిన వ్యాన్ హారన్ వినబడింది.

పెరటి గుమ్మంవైపు జారుకోబోయిన ధనశ్రీని, ఎల్లారావు కేక విని పోతమ్మ తట్ట అడ్డంపెట్టి ఆపింది. వ్యాన్‌తో వచ్చిన పోలీసులు బేడీలు వేస్తుంటే ధనశ్రీ పళ్లు కొరికింది. “ఏడాది ప్లానింగ్! ఏ ప్రోటోకాల్ వాడావ్?”

“పొద్దున్నే, బోణీ కాకముందే వచ్చావ్. అదే నీ తప్పు.”

చీఫ్ లైన్లోకొచ్చాడు. “శభాష్! ఢిల్లీ రిపోర్ట్ అడుగుతోంది. వెంటనే బయల్దేరు.”

“కుదరదు సార్. మా అమ్మ కదలట్లేదు. రసీదు అడుగుతోంది.”