ఒక కీర్తన సేపు

పొయ్యి మీద మొక్కజొన్న జావ కుతకుతా ఉడుకుతోంది. జెరూషా గరిట తిప్పుతూ, కిటికీ దగ్గర కూర్చుని ఆపిల్ ముక్కలు దారానికి గుచ్చుతున్న అత్తగారిని ఓరకంట చూస్తోంది. అత్తగారు మెహిటబెల్‌కి అరవై ఎనిమిదేళ్లు. ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని, ఏడేళ్ల బెథయా తీరిగ్గా ఆపిల్ తొక్కలు నములుతోంది.

"లేచి నీళ్లు పట్రా," అంది జెరూషా కూతురితో.

"నానమ్మ ముక్కలన్నీ గుచ్చేశాక తెస్తానమ్మా."

"దీనికి నానమ్మ తర్వాతే ఎవరైనా."

"కన్నకూతురితో కూడా వంతులేనటే?" ముసలావిడ నవ్వింది.

నవ్వులాటకే అంది పాపం. కానీ జెరూషాకి పుండు మీద కారం చల్లినట్టయింది. బెథయాకి మూర్ఛ జబ్బు. వచ్చిందంటే కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంది. జెరూషా పట్టుకుని కుదిపి, హడలిపోయి, సాయం కోసం బయటికి పరిగెత్తేది. అత్తగారు వచ్చి చెవి వెనక బొటనవేలుతో రాస్తూ కూర్చుంటే కాసేపటికి పిల్ల కళ్లు తెరిచేది. మూడేళ్లుగా ఇదే వరస. కన్నతల్లి చేతిలో లేనిది ఆవిడ చేతిలో ఏముందని జెరూషా లోలోపల కుళ్లుకునేది.

ఆ కుళ్లే కొంప ముంచింది. మొన్న వాగు దగ్గర బట్టలుతుకుతూ పొరుగింటి కెజియాతో అనేసింది: "నేను పట్టుకుంటే పెరిగే రోగం, మా అత్త ముట్టుకోగానే పోతుంది. ఏం చేస్తుందో మరి!" కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోగలమా? అదీ ఏ ఏడాది? పదహారు వందల తొంభై రెండు. సేలంలో మంత్రగత్తెలని పేరు పెట్టి నోరులేని ఆడవాళ్లను వరసగా ఉరితీస్తున్న ఏడాది. మంత్రగత్తె చెయ్యి తగిలితే ఆవిడ పంపిన పీడ తిరిగి ఆవిడలోకే పోతుందనీ, రోగి తేరుకుంటాడనీ ఊరంతా నమ్మేది. పరీక్ష కూడా అలాగే, నిందపడ్డవాళ్ల చేత రోగిని ముట్టించి పెట్టేవారు.

జావ దించకముందే జెరూషా మొగుడు అబ్నేర్ పొలం నుంచి రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, నిన్ను విచారణకి ప్రార్థన మందిరానికి తీసుకెళ్లడానికి కానిస్టేబులు వస్తున్నాడు. బెథయాకి రోగం నువ్వే పెట్టి నువ్వే తీస్తున్నావని కెజియా సాక్ష్యం చెప్పిందట." అతను పెళ్లాం వైపు తిరిగాడు. "మన ఇంటి మాట ఆవిడకెలా తెలిసింది?"

జెరూషా చేతిలో గరిట ఆగిపోయింది. "నేనే అన్నాను."

"మా అమ్మ గురించా? నీకేం పుట్టింది?"

"ఒళ్లు మండి అన్నానండీ. ఇంతవరకూ వస్తుందనుకోలేదు."

"ఊరుకోరా," అంది మెహిటబెల్. "తల్లికి ఆమాత్రం ఉక్రోషం ఉండదా?"

జెరూషా వచ్చి అత్తగారి మోకాళ్లు పట్టుకుంది. "అత్తయ్యా, అక్కడ ఎవరెంత చెప్పినా బెథయాని ముట్టుకోకండి. ముట్టుకోకపోతే వాళ్లేం తేల్చలేరు. మాటివ్వండి."

"పిల్ల కొట్టుకుంటుంటే చూస్తూ ఎలా ఉండమంటావే?"

"మాటివ్వండి అత్తయ్యా."

ముసలావిడ తలూపింది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

ప్రార్థన మందిరం కిక్కిరిసిపోయింది. అంతమంది ఒక్కసారిగా తనవైపు చూసేసరికి బెథయా బెదిరిపోయి, చెక్క నేల మీద పడి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ముట్టుకో," అన్నాడు న్యాయాధికారి.

మెహిటబెల్ రెండు చేతులూ వెనక్కి ముడుచుకుంది. "ముట్టుకోనయ్యా."

"తప్పు చేయకపోతే భయమెందుకు?"

ఆవిడ వేళ్లు ఇంకా గట్టిగా బిగించింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పాస్టరుగారు లేచి ప్రార్థన చేశారు. కానిస్టేబులు ఆవిడ ముడిచిన వేళ్లు ఒక్కొక్కటే విప్పి, ఈడ్చుకెళ్లి, ఆ చేతిని పిల్ల నుదుటి మీద పెట్టాడు. బెథయా ఒళ్లు మెత్తబడింది. కళ్లు తెరిచి, "నానమ్మా," అంది.

ఇక ఎవరికీ వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

జైలుకి తీసుకెళ్లే బండి పక్కన నిలబడి జెరూషా వెక్కివెక్కి ఏడ్చింది. మెహిటబెల్ సంకెళ్ల చేతులతోనే ఆమెను దగ్గరికి లాక్కుంది.

"ఏడవకు, విను. నా చేతిలో ఏమీ లేదే. ఆ మూర్ఛ ఒక కీర్తన సేపే ఉంటుంది. గొర్రెల కాపరి కీర్తన నెమ్మదిగా చివరిదాకా పాడు, దానంతటదే తగ్గుతుంది. నువ్వు సగంలో లేచి పరిగెత్తేదానివి. నేను కూర్చునుండేదాన్ని. అంతే తేడా."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

ముసలావిడ తల దించుకుంది. "చెబితే పిల్ల నా ఒళ్లోకి రాదేమోనని. ముసలిదాన్ని, నాకూ ఆశ ఉండదటే?"

బండి కదిలాక గానీ జెరూషాకి అసలు సంగతి తట్టలేదు. ముట్టుకోమనగానే ముట్టుకుని ఉంటే పిల్ల కొట్టుకుంటూనే ఉండేది. ఆ చేతిలో ఏ మంత్రమూ లేదని ఊరంతా చూసేది. చేతులు ముడుచుకోమని మాట తీసుకున్నది తనే. ఆ పెనుగులాటలోనే కీర్తన సేపు కాస్తా గడిచిపోయింది. జెరూషా పరిగెత్తుకెళ్లి న్యాయాధికారి దగ్గర మొత్తుకుంది.

"పరీక్ష అయిపోయిందమ్మా. మంత్రగత్తె తరఫున మాట్లాడితే నిన్ను కూడా అక్కడే నిలబెట్టాల్సొస్తుంది," అన్నాడాయన.

అబ్నేర్ పెళ్లాం చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. దారంతా ఆ చెయ్యి వదల్లేదు. అంతకంటే ఏం చెయ్యగలడు?

ఉరితాడు దాకా పోకుండానే, నవంబరు చలికి మెహిటబెల్ జైల్లోనే పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు, పొరపాటైపోయిందని పెద్దలంతా ఒకరోజు ఉపవాసముండి ఏడ్చారు. ఏడిస్తే పోయినవాళ్లు తిరిగొస్తారా?

నానమ్మ పోయిన మరుసటి నెల, డిసెంబరులో ఒక మధ్యాహ్నం బెథయా ఎంత పిలిచినా పలకలేదు. వెతగ్గా వెతగ్గా కొట్టం మూలలో, మొక్కజొన్న పొత్తుల బస్తాల వెనక కనబడింది. అప్పటికే ఒళ్లు కొట్టుకుంటోంది. జెరూషా ఈసారి పరిగెత్తలేదు. తల ఒళ్లోకి తీసుకుని, చెవి వెనక బొటనవేలుతో రాస్తూ కీర్తన అందుకుంది. ఆఖరి చరణం అయ్యేసరికి పిల్ల నిమ్మళించింది. మూడేళ్లుగా కోరుకున్నది ఇదేగా, తన చేతిలో బిడ్డ కుదుటపడటం.

బెథయా కళ్లు తెరిచి, ముందుగా కొట్టం వాకిలి వైపు చూసింది.

"ఎందుకొచ్చావమ్మా? వచ్చేలా ఉందని తెలిసే ఇక్కడ దాక్కున్నాను."

"దాక్కోవడమెందుకే తల్లీ?"

"నువ్వు ముట్టుకుంటే తగ్గిందనుకో, నిన్నూ బండెక్కిస్తారుగా." పిల్ల గొంతు తగ్గించింది. "ఎవరైనా చూశారా?"

జెరూషా ఏడుపు బయటికి వినబడకుండా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, లేచి వెళ్లి కొట్టం తలుపు మూసింది.